ట్యూబ్ యాంప్ ఉన్నట్టుండి నీరసపడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ట్యూబ్ గిటార్ యాంప్, అంటే గాజు ట్యూబులతో (వాల్వులతో) గిటార్ సౌండ్‌ని పెంచే యాంప్లిఫయర్, ఉన్నవాళ్లు కొద్దిమందే. కాలేజీ బ్యాండ్ల దగ్గర, చర్చిల్లో, పాత ఆర్కెస్ట్రా వాళ్ల ఇళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి. అది మొరాయిస్తే వెంటనే చెన్నైకో బెంగళూరుకో మోసుకుపోవాలనుకుంటారు, లేదా ఆన్‌లైన్‌లో కొత్త ట్యూబులు ఆర్డర్ పెట్టేస్తారు. చాలాసార్లు ఆ రెండూ అక్కర్లేదు. బయటి నుంచి లోపలికి ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్తే తప్పు ఎక్కడుందో యాంపే చెబుతుంది. ట్యూబులు కొనడం ఆ మెట్లలో చివర్న వస్తుంది.

వాయిస్తుండగానే సౌండ్ బాగా పడిపోయింది. ముందు ఏం చేయాలి?

వాల్యూమ్ పెంచకండి. చెయ్యి ముందుగా అటే పోతుంది కానీ, లోపల ఏ పవర్ ట్యూబో (స్పీకర్‌ని నడిపే పెద్ద ట్యూబు) షార్ట్ అవుతుంటే పెంచిన కొద్దీ, ఆ ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. ట్యూబు పోతే మార్చుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే సరిపడేది దొరకడానికి నెలలు పట్టొచ్చు.

ఆపే ముందు ఒక్క క్షణం వెనక నుంచి చూడండి. పెద్ద ట్యూబుల్లో ఏదైనా ఒకదాని లోపలి బూడిదరంగు రేకు (ప్లేట్) ఎర్రగా కాలుతోందా? కాలిన వాసన వస్తోందా? ఈ రెండింట్లో ఏది ఉన్నా పవర్ స్విచ్ ఆపేసి, ప్లగ్ గోడ నుంచి పీకేయండి. ఆ రోజుకి ఆ యాంప్ పని అయిపోయింది.

అలాంటిదేమీ లేకపోతే తీరిగ్గా చూడొచ్చు. పెడళ్లన్నీ తీసేసి గిటార్‌ను నేరుగా యాంప్‌కి పెట్టండి. వైరు మార్చండి. గిటార్‌లో యాక్టివ్ పికప్‌లు ఉంటే 9 వోల్టుల బ్యాటరీ మార్చండి, ఎందుకంటే ఆ బ్యాటరీ దిగిపోతే సౌండ్ అచ్చం యాంప్ పాడైనట్టే నీరసంగా, చిరిగినట్టు వస్తుంది. యాంప్ వెనక హాఫ్ పవర్ స్విచ్ ఉంటే అది ఏ వైపు ఉందో చూడండి. స్టేజీ మీద పదిమంది చేతులు పడతాయి కాబట్టి ఎవరో నొక్కేసి ఉండొచ్చు.

100 వాట్ల యాంప్‌లో రెండు ట్యూబులు పోతే సౌండ్ సగం అవుతుందా?

కాదు. ఈ లెక్క తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. 100 వాట్లు 50కి పడితే తగ్గేది 3 డెసిబెల్‌లు మాత్రమే. తేడా తెలుస్తుంది కానీ సగమైందని చెవికి అనిపించదు. అలా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు తగ్గాలి, అంటే 100 వాట్లు 10 వాట్లకి రావాలి. కాబట్టి నాలుగు పవర్ ట్యూబుల యాంప్‌లో సౌండ్ బొత్తిగా పడిపోయిందంటే ఒక ట్యూబు పోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. స్పీకర్, ఎఫెక్ట్స్ లూప్ (పెడళ్లు తగిలించడానికి ఉండే సెండ్, రిటర్న్ జాకులు), ప్రీయాంప్ ట్యూబులు (సిగ్నల్‌ని మొదట పెంచే చిన్న ట్యూబులు), పవర్ ట్యూబులకి వోల్టేజీ అందించే స్క్రీన్ రెసిస్టర్లు, లోపలి వోల్టేజీ, ఇవన్నీ అనుమానించాల్సినవే.

స్పీకర్ తప్పా యాంప్ తప్పా తేల్చుకోవడానికి, స్పీకర్ వైరు తీసేసి ఆన్ చేయొచ్చా?

వద్దు. ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ట్యూబుల వైపు చుట్టలో) వోల్టేజీ విపరీతంగా లేస్తుంది. ట్యూబు సాకెట్లో నిప్పురవ్వలు రావచ్చు, వైండింగ్ లోపలే కాలిపోవచ్చు. ట్రాన్సిస్టర్ యాంపులు వాడిన సౌండ్ సర్వీస్ వాళ్లకి ఇది చెప్పినా నమ్మబుద్ధి కాదు. వాళ్ల యాంపులకి స్పీకర్ లేకపోయినా ఏమీ కాదు మరి.

స్పీకర్‌ని విడిగా పరీక్షించడం తేలిక. యాంప్ ఆపి, వైరు తీసి, స్పీకర్ టెర్మినళ్ల మీద మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టండి. 8 ఓమ్‌ల స్పీకర్ 6 నుంచి 7 చూపిస్తుంది, 16 ఓమ్‌లది 12, 13 దగ్గర చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. మీటరు లేకపోతే పెన్సిల్ సెల్ ఒకటి క్షణం పాటు తాకించండి, బాగున్న కోను టక్కుమని కదులుతుంది. స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉండే కాంబో యాంపుల్లో స్పీకర్‌కి తగిలించే చిన్న రేకు క్లిప్పులు అదురుకి వదులవుతాయి. వాటిని ప్లయర్‌తో కొంచెం నొక్కి పెడితే చాలాసార్లు సమస్య అక్కడితోనే తీరిపోతుంది. రెండు స్పీకర్ల క్యాబినెట్‌లో ఒకటి పోయినా సౌండ్ ఉన్నట్టుండి పల్చబడుతుంది.

ఇంకొక మాట. గిటార్ వైరునే స్పీకర్ వైరుగా వాడేవాళ్లు ఉన్నారు. రెండింటి కొసలూ ఒకేలా ఉంటాయి కానీ లోపలి తీగ మందంలో చాలా తేడా. గిటార్ వైరు స్పీకర్‌కి పనికిరాదు.

మా ఇంట్లో బాగుంటుంది, రిహార్సల్ రూములో నీరసంగా ఉంటుంది. యాంప్ తప్పేనా?

ముందు కరెంటు చూడండి. ఎండాకాలం సాయంత్రాలు వీధంతా ఏసీలు వేసే వేళకి, లైను చివర ఉన్న ఇళ్లల్లో 230 ఉండాల్సిన వోల్టేజీ బాగా దిగుతుంది. ట్యూబ్ యాంప్‌లో చాలావాటికి లోపల వోల్టేజీని సరిచేసే రెగ్యులేటర్ ఉండదు, గోడలో ఎంత తగ్గితే లోపల అంతే తగ్గుతుంది. 230 కాస్తా 180 అయితే యాంప్ ఇవ్వగలిగిన పవర్ సుమారు 60 శాతానికి పడిపోతుంది. ట్యూబుల్లో ఫిలమెంటుకి 6.3 వోల్టులు రావాల్సిన చోట 5 కూడా రాదు, దాంతో క్యాథోడ్ సరిగా వేడెక్కదు. సౌండ్ తగ్గడమే కాదు, మెత్తబడి మొండిగా తయారవుతుంది.

వాయిస్తున్నప్పుడే గోడ సాకెట్లో వోల్టేజీ కొలిపించండి. ఖాళీగా ఉన్నప్పుడు 220 చూపించి, పక్క గదిలో మోటారు వేయగానే పడిపోయే సాకెట్లు ఉంటాయి. మంచి స్టెబిలైజర్ పెడితే సరిపోతుంది. యాంప్ వెనక రాసిన వాట్లకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. ఇక్కడ చూడాల్సింది కరెంటు నుంచి యాంప్ తీసుకునే వాట్లు, స్పీకర్‌కి ఇచ్చే వాట్లు కాదు. 50 వాట్ల ట్యూబ్ యాంప్ గోడ నుంచి 150 వాట్లకి పైగానే లాగగలదు.

ఎర్త్ సంగతి కూడా చూడండి. పాత ఇళ్లల్లో ఎర్త్ గొయ్యి మే నెలకల్లా ఎండిపోయి ఉంటుంది. బకెట్ నీళ్లు పోయించండి. హమ్ (గుంయ్‌మనే మోత) వస్తోందని మూడో పిన్ను విరిచేసి వాడటం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. లోపల ఏదైనా ఛాసిస్‌కి (యాంప్ లోపలి లోహపు పెట్టెకి) తగిలితే ఆ కరెంటు గిటార్ తీగల మీదికి వస్తుంది, అక్కడ ఉండేది మీ చెయ్యి.

కరెంటు పోయి ఇన్వర్టర్ వచ్చినప్పుడల్లా సౌండ్ తగ్గుతోంది. మీటరు మాత్రం 220 చూపిస్తోంది.

మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండాలి. ఇది అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, కారణం కూడా చక్కనిది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. గోడలో వచ్చే 230 వోల్టుల కరెంటు అలలాగా లేచి పడుతుంది, ఆ అల శిఖరం దాదాపు 325 వోల్టులు. యాంప్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు నిండేది ఆ శిఖరం దగ్గరే. స్క్వేర్ వేవ్‌లో శిఖరమే ఉండదు, పైభాగం చదునుగా ఉంటుంది. సగటు లెక్కన 230 ఉన్నా శిఖరం కూడా ఆ 230 దగ్గరే ఆగిపోతుంది. ఫిలమెంట్లు ఎప్పటిలాగే వెలుగుతాయి, కానీ ట్యూబుల ప్లేట్లకి వెళ్లే పెద్ద వోల్టేజీ దాదాపు 30 శాతం తక్కువ వస్తుంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, ఎక్కువ వేడెక్కుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ బాధ లేదు.

గంగమ్మ జాతరకో, వినాయక చవితి పందిళ్లకో జనరేటర్ మీద వాయించేవాళ్లకి సమస్య వేరే. లైట్లన్నీ ఒక్కసారి ఆపితే వోల్టేజీ ఎగిరిపడుతుంది. లైట్ల లైను, స్టేజీ లైను వేరుగా ఇమ్మని జనరేటర్ అన్నని ముందే అడగండి. మొదట లైట్లు వేయించి, జనరేటర్ కుదురుకున్నాక యాంప్ ఆన్ చేయండి.

అసలు ప్రాణమే లేదు. లైటు వెలగదు, ట్యూబులు వెలగవు.

గోడ సాకెట్, పవర్ కార్డు, మెయిన్ ఫ్యూజు. ఈ వరసలోనే చూడండి.

లైటు వెలుగుతోంది, ట్యూబులు వెలుగుతున్నాయి, కానీ చడీచప్పుడూ లేదు.

ఫిలమెంట్లకి కరెంటు వస్తోంది, ప్లేట్లకి రావడం లేదన్నమాట. ముందు స్టాండ్‌బై స్విచ్ చూడండి, తర్వాత హెచ్‌టీ ఫ్యూజు, అంటే ప్లేట్లకి వెళ్లే పెద్ద వోల్టేజీ లైనులో ఉండేది. మార్షల్ తరహా యాంపులు చాలావాటికి వెనక రెండు ఫ్యూజులు ఉంటాయి, ఒకటి మెయిన్, రెండోది హెచ్‌టీ. కొన్నింట్లో ఇది లోపల బోర్డు మీద ఉంటుంది, దానికోసం మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే సరిపోతుందా?

ఒక్కసారి వేయొచ్చు, అదే విలువది, అదే రకంది. పారేసే ముందు పాత ఫ్యూజుని వెలుతురుకి పట్టి చూడండి. లోపలి తీగ మధ్యలో సన్నగా తెగి, గాజు శుభ్రంగా ఉంటే అది వయసైపోయి పోయి ఉండొచ్చు, లేదా ఆన్ చేసిన క్షణంలో వచ్చే తోపుకి పోయి ఉండొచ్చు. గాజు లోపలంతా నల్లగా గానీ, అద్దంలా వెండి పూతతో గానీ ఉంటే లోపల పెద్ద షార్ట్ ఉంది. అప్పుడు కొత్తది వేసినా క్షణంలో పోతుంది.

ఫ్యూజు మూత మీద టీ అక్షరం ఉంటే స్లో బ్లో, ఎఫ్ ఉంటే ఫాస్ట్. స్లో బ్లో ఉండాల్సిన చోట ఫాస్ట్ వేస్తే బాగున్న యాంప్‌లో కూడా ఆన్ చేయగానే పోతుంది. రెండో ఫ్యూజు కూడా పోతే ఆగిపోండి. మూడోది వేయకండి. 1 ఆంపియర్ ఉన్న చోట 3 వేయడం, అంతకన్నా ఘోరంగా రాగి తీగ చుట్టడం, సిగరెట్ రేకు పెట్టడం మన ఊళ్లల్లో ఇంకా జరుగుతూనే ఉంది. ప్రోగ్రాం ఆగకూడదనే తొందర నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఫ్యూజు కాపాడేది పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని, యాంప్‌లో అన్నింటికన్నా ఖరీదైన వస్తువుల్లో అదొకటి. దయచేసి ఆ పని చేయకండి.

ఆ ఒక్క కొత్త ఫ్యూజుని పవర్ ట్యూబులన్నీ తీసేసి వేసి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. ట్యూబులు లేకుండా ఫ్యూజు నిలబడితే తప్పు ట్యూబుల్లో గానీ వాటి బయాస్‌లో (ట్యూబు ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే అమరికలో) గానీ ఉంది. అప్పుడూ పోతే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది), కెపాసిటర్లు లేదా ట్రాన్స్‌ఫార్మర్. రెక్టిఫయర్ కూడా ట్యూబే అయితే, అంటే జీజెడ్34 లాంటిది ఉంటే, ముందు దాన్నే అనుమానించండి.

ఎఫెక్ట్స్ లూప్ నేను వాడనే వాడను. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

చాలా సంబంధం ఉంది. వాడకపోవడమే దాని జబ్బు. రిటర్న్ జాక్‌లో ప్లగ్ లేనప్పుడు సిగ్నల్ దాని లోపలి చిన్న రేకు స్విచ్ మీదుగా ముందుకి వెళ్తుంది. ఏళ్ల తరబడి దుమ్ము, వానాకాలం చెమ్మ పట్టి ఆ రేకు నల్లబడితే సిగ్నల్ సగం అక్కడే ఆగిపోతుంది. యాంప్ తలమీద తడితే సౌండ్ వచ్చి మళ్లీ పోవడం దీని గుర్తు.

చిన్న గిటార్ వైరు ఒకటి తీసుకుని సెండ్ నుంచి రిటర్న్‌కి పెట్టండి. సౌండ్ పూర్తిగా వచ్చేసిందా, దొంగ దొరికినట్టే. కాంటాక్ట్ క్లీనర్ ప్లగ్ మీద చల్లి, ఆ ప్లగ్‌ని జాక్‌లో పదిసార్లు పెట్టి తీయండి. యాంప్ ఆపి చేయాలి సుమా. నవంబర్, డిసెంబర్ వానలు అయ్యాక, క్రిస్మస్ ప్రాక్టీసులకి చర్చిల్లో యాంపులు బయటికి తీసినప్పుడు ఈ ఫిర్యాదు ఎక్కువ వస్తుంది.

లూప్‌తో ఇంకో మేలుంది. గిటార్‌ను ఒక పెడల్ ద్వారా నేరుగా రిటర్న్‌కి పెట్టి వాయించండి. మామూలు సౌండ్ బలంగా వస్తే పవర్ సెక్షన్, స్పీకర్ బాగున్నాయి, తప్పు ప్రీయాంప్‌లో ఉంది. అక్కడా నీరసంగానే ఉంటే తప్పు వెనక భాగంలో ఉంది. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

ఏ ట్యూబు పోయిందో ఎలా కనిపెట్టాలి? అన్నీ వెలుగుతున్నాయి.

వెలగడం అంటే ఫిలమెంటు తెగలేదని మాత్రమే అర్థం. బాగా వెలుగుతూనే పనిచేయని ట్యూబులు ఉంటాయి.

ముందు కళ్లతో చూడండి. గాజు పైన లోపలి వైపు వెండిలా మెరిసే మచ్చ ఉంటుంది. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి దూరింది, ఆ ట్యూబు పోయింది. గాజు మీద నీలం మెరుపు కనిపిస్తే కంగారు పడకండి, పవర్ ట్యూబుల్లో అది మామూలే. వరసలో ఒక్క ట్యూబు మాత్రం నల్లగా, చల్లగా ఉంటే దాని ఫిలమెంటు తెగింది, లేదా సాకెట్ పట్టడం లేదు.

చిన్న ట్యూబులు దాదాపు అన్నీ 12ఏఎక్స్7లే, యూరప్ డబ్బాల మీద ఈసీసీ83 అని ఉండేదీ అదే. బాగుందని తెలిసిన ఒక ట్యూబు దగ్గర పెట్టుకుని, యాంప్ ఆపి, చల్లారాక, ఇన్‌పుట్ వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో స్థానంలో వేసి చూడండి. ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది పాడైందో ఎప్పటికీ తెలియదు, బాగున్నవి కూడా చెత్తబుట్టలోకి పోతాయి. పవర్ ట్యూబులకి దగ్గరగా ఉండే చిన్న ట్యూబు ఫేజ్ ఇన్వర్టర్ (పవర్ ట్యూబులకి సిగ్నల్ పంచేది), అది నీరసపడితే అన్ని ఛానళ్లూ ఒకేలా నీరసపడతాయి. ఒక ఛానల్ బాగుండి ఇంకోటి నీరసంగా ఉంటే దాన్ని వదిలేసి ముందున్నవి చూడండి.

పవర్ ట్యూబులు జంటలుగా పనిచేస్తాయి. జంటలో ఒకటి పోతే సౌండ్ తగ్గి, చిరిగి, దానితో పాటు హమ్ పెరుగుతుంది, ఎందుకంటే రెండూ సరిగా ఉన్నప్పుడు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒక్కోసారి ట్యూబు బాగానే ఉంటుంది, దాని స్క్రీన్ రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది. ఇంతకుముందు ఎప్పుడో ఒక ట్యూబు షార్ట్ అయి దాన్ని కాల్చేసి ఉంటుంది. కొత్త ట్యూబు వేసినా ఆ స్థానం మూగగానే ఉంటే అనుమానం దాని మీదే.

ట్యూబు రేకు ఎర్రగా కాలుతోంది. కొత్తది వేస్తే చాలా?

కొత్తది వేశాక అదే స్థానంలో మళ్లీ ఎర్రబడితే తప్పు ట్యూబుది కాదు. బయాస్ వోల్టేజీ రావడం లేదు, లేదా కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది. ఇక మెకానిక్ పని.

పవర్ ట్యూబులు మార్చాక బయాస్ తప్పనిసరా?

యాంప్‌ని బట్టి. వాక్స్ ఏసీ30 లాంటి, ఈఎల్84లు వాడే, తనంతట తానే సర్దుకునే క్యాథోడ్ బయాస్ యాంపుల్లో సరిపోలిన సెట్ వేస్తే చాలు. ఫిక్స్‌డ్ బయాస్ యాంపుల్లో, అంటే ఈఎల్34, 6ఎల్6 వాడే పెద్ద మార్షల్, ఫెండర్ యాంపుల్లో ఎక్కువవాటికి, బయాస్ పెట్టించాల్సిందే. పిన్నులు పడుతున్నాయి కదా అని ఈఎల్34 స్థానంలో 6ఎల్6 పెట్టేసి వదిలేయకండి.

ఆన్ చేశాక అరగంట బాగుంటుంది, తర్వాత సౌండ్ మెల్లగా జారిపోతుంది.

వేడికి విడిపోయే అతుకు ఎక్కడో ఉంది. సాకెట్లు నేరుగా సర్క్యూట్ బోర్డు మీద టంకం వేసిన కాంబోల్లో ఇది ఎక్కువ. ట్యూబు వేడి, స్పీకర్ అదురు రెండూ కలిసి పిన్ను చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నని గుండ్రటి పగులు తెస్తాయి. భూతద్దంతో చూస్తే పిన్ను చుట్టూ నల్లటి ఉంగరంలా కనిపిస్తుంది. మళ్లీ టంకం వేస్తే పోయే జబ్బు అది. సాకెట్ లోపలి రేకులు వదులైనా ఇదే లక్షణం: పిన్ను మీద నల్లటి కాలిన గీత ఉంటుంది, ట్యూబుని కొంచెం కదిపితే కరకరమంటుంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటే గదిలో యాంప్‌ని గోడకి ఆనించి పెడితే ఈ లోపాలన్నీ ముందే బయటపడతాయి. వెనక జానెడు ఖాళీ వదలండి. యాంప్ మీద గుడ్డ కప్పి వాయించకండి.

పదిహేనేళ్ల నాటి యాంప్. బలం తగ్గింది, గుంయ్‌మంటోంది.

ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. మన దగ్గర 50 హెర్ట్జ్ కరెంటు కాబట్టి ఆ గుంయ్ 100 హెర్ట్జ్‌లో వినిపిస్తుంది. పైభాగం ఉబ్బినా, అడుగున గోధుమరంగు జిగురు కారినా ఇంకా ఆలోచించక్కర్లేదు, మార్పించేయండి.

అన్నా, నేనే విప్పి చూడొచ్చా?

ట్యూబులు, ఫ్యూజులు, జాకులు, స్పీకర్ వరకు మీరు చూసుకోవచ్చు. ఛాసిస్ విప్పడం మాత్రం పెద్ద వోల్టేజీతో పని తెలిసినవాళ్లకే వదిలేయండి. లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో అది నిలవ ఉంటుంది, మనిషిని చంపడానికి అది చాలు.

పని తెలిసినవాళ్లు కూడా పద్ధతి తప్పకూడదు. ప్లగ్ పీకి, మీటరుని 1000 వోల్టుల డీసీలో పెట్టి ప్రతి పెద్ద కెపాసిటర్‌నీ కొలవాలి. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్లకి తగ్గని రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి, ఒక కొస ఛాసిస్‌కి, రెండో కొస కెపాసిటర్‌కి కొన్ని సెకన్లు పట్టుకుని, మళ్లీ కొలవాలి. ఖాళీ అయిన కెపాసిటర్‌లో కాసేపటికి కొంత వోల్టేజీ తిరిగి లేస్తుంది కాబట్టి చెయ్యి పెట్టే ముందు ఇంకోసారి కొలవాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్పుమనిపించడం పద్ధతి కాదు.

అమెరికాలో ఉన్న అన్నయ్య పంపిన యాంప్. ఇక్కడ పెట్టగానే పోయింది.

అది 120 వోల్టులది. మన 230లో పెడితే ఫ్యూజు వెంటనే పోతే అదృష్టమే. ప్లగ్ మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఫ్యూజు మార్చి, స్టెప్ డౌన్ మీద పెట్టి చూడండి. అప్పటికీ మెయిన్ ఫ్యూజు పోతుంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, కెపాసిటర్లు అన్నీ చూపించాలి.

ట్యూబులు ఎక్కడ దొరుకుతాయి? తిరుపతిలో బాగుచేసేవాళ్లు ఉన్నారా?

ఒకప్పుడు బెంగళూరు బీఈఎల్‌లోనే వాల్వులు తయారయ్యేవి. పాత రేడియో మెకానిక్‌ల దగ్గర ఆ డబ్బాలు ఇప్పటికీ ఒకటీ అరా బయటపడతాయి. ఇప్పుడు కొత్తవి ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచే వస్తున్నాయి. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఫ్యూజుల కోసం చెన్నై రిచీ స్ట్రీట్ గానీ, బెంగళూరు ఎస్పీ రోడ్ గానీ వెళ్లండి. చిత్తూరు వాళ్లకి రెండూ ఇంచుమించు ఒకే దూరం. కెపాసిటర్ కొనేటప్పుడు వోల్టేజీ పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, తక్కువ వద్దు.

బాగుచేయడానికి వాల్వు రేడియోలు, వాల్వు యాంప్లిఫయర్లు చేసిన పెద్దాయన ఎవరైనా మీ పేటలో ఉంటే ముందు ఆయన దగ్గరికే వెళ్లండి. గిటార్ యాంప్ ఎప్పుడూ చూడకపోయినా ఆ సర్క్యూట్ ఆయనకి కొత్త కాదు. సెల్‌ఫోన్ రిపేరులో ఆరితేరిన కుర్రాడి కన్నా ఈ పనిలో ఆయన చెయ్యే నమ్మకం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం మోటారు వైండింగ్ షాపులో చుట్టించకండి. అందులో ప్రైమరీ, సెకండరీ పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి వస్తాయి. మోటారు చుట్టినట్టు చుట్టేస్తే పనిచేస్తుంది కానీ పాత టోన్ రాదు.

మెకానిక్‌కి ఏం చెప్పాలి?

"సౌండ్ రావట్లేదు" అని వదిలేయకండి. ఉన్నట్టుండి పోయిందా మెల్లగా తగ్గిందా, వేడెక్కాకే జరుగుతోందా, లూప్‌లో వైరు పెడితే తేడా వచ్చిందా, ఏ ఫ్యూజు పోయింది, అప్పుడు ఏ కరెంటు మీద ఉంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. పోయిన ఫ్యూజుని, తీసేసిన ట్యూబుని కూడా ఇవ్వండి. బస్సులో తీసుకెళ్తుంటే ట్యూబులు తీసి, ఏది ఏ సాకెట్‌దో రాసిన చీటీతో గుడ్డలో చుట్టి వేరుగా పట్టుకెళ్లండి. యాంప్‌తో పాటు దాని స్పీకర్, స్పీకర్ వైరు కూడా వెళ్లాలి, ఎందుకంటే అక్కడ ఆన్ చేయాలన్నా అవి ఉండాల్సిందే.